1957 నాటి ‘12 యాంగ్రీ మెన్’ ఇప్పుడు చూసినా నిలుస్తుందా?

నిలుస్తుంది. కాకపోతే కోర్టు సినిమా అనగానే వాదోపవాదాలు, సాక్షుల క్రాస్ ఎగ్జామినేషన్ కోసం చూస్తే నిరాశే. విచారణ అయిపోయాకే అసలు కథ మొదలవుతుంది. తండ్రిని చంపాడన్న కేసులో ఒక కుర్రాడి ప్రాణం 12 మంది జ్యూరర్ల చేతిలో, అంటే తీర్పు చెప్పడానికి కూర్చోబెట్టిన మామూలు పౌరుల చేతిలో ఉంటుంది. మొదటి ఓటింగులో 11 మంది దోషి అంటే, హెన్రీ ఫోండా వేసిన జ్యూరర్ ఒక్కడే కాదంటాడు.

పాత సినిమా కదా అని మార్కులు కలపక్కర్లేదు, పనితనం చూడండి చాలు. దర్శకుడు సిడ్నీ లూమెట్ కెమెరాను మొదట కంటిమట్టానికి పైన పెట్టి, పోనుపోను కిందికి దించాడు, లెన్సులూ మార్చాడు. అందుకే చివరికొచ్చేసరికి గోడలు దగ్గరికి జరిగినట్టు, పైకప్పు నెత్తిన కూర్చున్నట్టు ఉంటుంది. చెమటకు వీపుకు అతుక్కున్న చొక్కాలు, తిరగని ఫ్యాను చూస్తుంటే మనకే ఉక్కపోస్తుంది. సాక్షి ముక్కు మీద కళ్లజోడు నొక్కుల గురించి జ్యూరర్లలో ఒక ముసలాయన గుర్తుచేసే చోటు నాకు ప్రాణం. ఆయన అరవడు, గది మాత్రం మారిపోతుంది.

చట్టం ప్రకారం చూస్తే లోపముంది. జ్యూరర్ తనంతట తాను హత్యకు వాడినలాంటి కత్తినే బయట కొని తెచ్చి చూపించడం నిజం కోర్టులో చెల్లదు. అందరూ మగవాళ్లే కావడమూ ఈరోజు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అయినా తొందరపడి తీర్పు చెప్పే మనుషుల్ని ఇంత దగ్గరగా చూపిన సినిమాలు తక్కువ. గంటన్నర పైచిలుకే, మధ్యలో ఆపకుండా చూడండి.