జిప్సీకి స్పేసర్లు వేయించవచ్చా?

మారుతి జిప్సీకి వెడల్పైన 235/75 ఆర్15 టైర్లు వేయించిన తరువాత, స్టీరింగు పూర్తిగా తిప్పినప్పుడల్లా ముందు టైరు కమాన్ పట్టీలకు రాసుకుంటోందనీ, చక్రాన్ని బయటికి జరపడానికి హబ్‌కూ (ఇరుసు చివర చక్రాన్ని బిగించే భాగం) రిమ్ముకూ మధ్య వేసే 30 మి.మీ. మందం స్పేసర్లతో ఆ బాధ తీరుతుందా అనీ జయపురం నుంచి మీరు అడిగారు. రాపిడి తప్పకుండా తగ్గుతుంది. అయితే ఏ రకం స్పేసరు వేశారు, దాన్ని ఎలా బిగించారు అన్న రెండింటి మీద మీ ప్రాణమే ఆధారపడి ఉంటుంది.

హబ్‌కూ రిమ్ముకూ మధ్య ఊరికే దూర్చే బిళ్ల రకాన్ని ఘాట్ రోడ్డు మీద తిరిగే బండికి వేయించకండి. అది స్టడ్డు (హబ్ నుంచి బయటికి ఉండి, చక్రం నట్టు ఎక్కే మరబోల్టు) పొడవును తినేస్తుంది. జిప్సీ స్టడ్డు 12 మి.మీ. లావు, మర చుట్టుకు 1.25 మి.మీ.; నట్టు కనీసం తొమ్మిది పది చుట్లు ఎక్కితేనే పట్టు నిలుస్తుంది. సునాబెడలో ఉండే మా మిత్రుడి బండికి ఒక లేత్ షాపులో ఇనుప బిళ్లలు తీసి వేశారు. పొట్టంగి ఘాటు దిగుతుండగా ముందు చక్రంలో టకటకమని శబ్దం వస్తే బండి ఆపి చూశాం. ఒక స్టడ్డు మొదలంటా తెగిపోయింది, రెండు నట్లు చేతితోనే తిరుగుతున్నాయి, రిమ్ము రంధ్రాలు కోలగా అరిగిపోయాయి. నిజానికి చక్రాన్ని కదలకుండా పట్టి ఉంచేది బిగింపు వల్ల రెండు లోహపు ముఖాల మధ్య పుట్టే ఘర్షణే. ఆ బిళ్ల ముఖాలు సమంగా లేకపోవడంతో బిగింపు సడలి, భారమంతా స్టడ్ల మీద పడింది.

వేయించక తప్పదనుకుంటే, లోపలి నట్లతో హబ్‌కు బిగించి, తన సొంత స్టడ్ల మీద చక్రాన్ని ఎక్కించుకునే అడాప్టరు రకమే తీసుకోండి. అయిదు రంధ్రాల వలయం వ్యాసం 139.7 మి.మీ. ఉండాలి, 108 మి.మీ. మధ్య రంధ్రం సందు లేకుండా హబ్ మీద కూర్చోవాలి. బిగించే ముందు హబ్ ముఖం మీది తుప్పునూ, మన ఎర్రమట్టినీ వైరు బ్రష్షుతో పూర్తిగా తీయించండి. లోపల చిక్కిన మట్టి తరువాత నలిగి రాలితే నట్టు దానంతటదే వదులవుతుంది. నట్లను బిగింపు బలాన్ని కొలిచే టార్క్ రెంచితో, మాన్యువల్లో ఉన్న విలువకే బిగించాలి. 50 నుంచి 100 కిలోమీటర్లు నడిపాక చక్రం విప్పి లోపలి నట్లను మళ్లీ చూడాలి. ఆ లోపలి నట్లు పైకి కనిపించవు కనుకనే నాకు అడాప్టర్ల మీద కూడా పూర్తి నమ్మకం లేదు.

అందుకే తక్కువ ఆఫ్‌సెట్ ఉన్న రిమ్ములే, అంటే స్పేసరు లేకుండానే చక్రాన్ని బయటికి నిలిపే రిమ్ములే, మేలని నా అభిప్రాయం. చక్రం అంతే బయటికి వస్తే బేరింగు మీద పడే అదనపు భారం రెండింటికీ ఒకటే, కానీ రిమ్ములతో రెండో జాయింటు ఉండదు. ఇక తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా బండిని మార్చరాదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం చెప్పింది కనుక, ఏది వేయించినా ముందుగా ఆర్టీవో కార్యాలయంలోనూ బీమా సంస్థలోనూ అడిగి తెలుసుకోండి.

డబ్బు ఖర్చు పెట్టే ముందు ఒక పని చేయించి చూడండి. ముందు చక్రాల దగ్గర స్టీరింగు తిరుగుడును ఆపే స్టాప్ బోల్టులను కొద్దిగా బయటికి తిప్పిస్తే, టైరు పట్టీని తాకకముందే స్టీరింగు ఆగుతుంది. దేవమాలి దారిలాంటి ఇరుకు మలుపుల్లో ఒకసారి వెనక్కి తీయాల్సి రావచ్చు, కానీ రాపిడి స్వల్పంగా ఉంటే దీనితోనే పోతుంది.