ఆ ఫోన్ చేసేది ఎవరు?

ప్రశ్న: మా అబ్బాయికి 18 ఏళ్లు. లైసెన్స్ వచ్చి నాలుగు నెలలైంది. పోయిన వారం వాడి పక్కన కూర్చుని వెళ్తుంటే, ఒక చేత్తో స్టీరింగ్ పట్టుకుని రెండో చేత్తో మెసేజ్ కొడుతున్నాడు. గట్టిగా అరిచాను. ‘రోడ్డు చూస్తూనే ఉన్నా కదమ్మా’ అన్నాడు. ఇంటికి రాగానే తాళాలు లాక్కున్నాను. అప్పట్నుంచి మా మధ్య మాటల్లేవు. మావారేమో ఈ వయసులో అందరూ అంతే అంటారు. వాడు కారు తీసుకుని వెళ్తే చేరేదాకా నాకు టెన్షనే. దారిలో నాలుగైదుసార్లు ఫోన్ చేస్తాను. యాక్సిడెంట్ వీడియోలు చూపిస్తే భయపడి మానేస్తాడా? – ఒక తల్లి

జవాబు: వీడియోల సంగతి తర్వాత. ముందు ఆ నాలుగైదు ఫోన్ల గురించి మాట్లాడుకుందాం. మీరు ఫోన్ చేసే సమయానికి అతను ఎక్కడుంటాడు? స్టీరింగ్ ముందే కదా! ఎత్తకపోతే మీరు కంగారుపడతారని అతనికి తెలుసు, అందుకే ఎత్తుతాడు. ఫోన్ ముట్టుకోవద్దని చెప్పేదీ మీరే, ఆ ఫోన్ మోగించేదీ మీరే. మిమ్మల్ని తప్పుపట్టాలని కాదు. నాకు ఉత్తరాలు రాసే తల్లుల్లోనూ తండ్రుల్లోనూ ఈ అలవాటు తరచుగా చూస్తుంటాను. భయం కొద్దీ చేసే పనే అది.

వీడియోలు వద్దు. ఆ రోజుకి గుండె దడదడలాడుతుంది, రెండు రోజులకి మరిచిపోతారు. పైగా ఆ వయసులో ‘వాడికి డ్రైవింగ్ రాదు, నాకొచ్చు’ అనిపిస్తుంది తప్ప ‘నాకూ జరగొచ్చు’ అనిపించదు.

‘రోడ్డు చూస్తూనే ఉన్నా’ అన్నాడు చూడండి, అది అబద్ధం కాదు. అతను నిజంగానే అలా అనుకుంటున్నాడు. అసలు చిక్కంతా అక్కడే ఉంది. కళ్లు రోడ్డు మీదే ఉన్నా, మనసు మెసేజ్‌లో ఉంటే ఎదురుగా ఉన్నది కూడా బుర్రకెక్కదు. చేతులు ఖాళీగా ఉంచి బ్లూటూత్‌లో మాట్లాడినా అంతే. ఓసారి అలాగే మాట్లాడుతూ, నేను రోజూ తిరిగే మలుపు దాటేసి చాలా దూరం వెళ్లిపోయాను. దాటినట్టు కూడా తెలీలేదు. ఆ మలుపు బదులు రోడ్డు దాటే మనిషి ఉంటే? ఫోన్ వాడుతూ బండి నడిపేవాళ్లకు ప్రమాదం జరిగే అవకాశం దాదాపు 4 రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

ఇది మాటలతో చెబితే ఎక్కదు కాబట్టి, ఒక పని చేయండి. రద్దీ లేని రోడ్డు మీద మీవారిని నడపమనండి. అబ్బాయిని పక్క సీట్లో కూర్చోబెట్టి, ఫోన్‌కి వచ్చిన మెసేజ్ చదివి జవాబు కొట్టమనండి. ఎన్ని సెకన్లు తల వంచాడో మీరు వెనక కూర్చుని లెక్కపెట్టండి. అయ్యాక, ‘ఇప్పుడు మనం దాటినవేంటో చెప్పు’ అని అడగండి. స్పీడోమీటర్ 60లో ఉంటే బండి సెకనుకి 16 మీటర్ల పైనే పోతుంది. 5 సెకన్లు తల వంచితే 80 మీటర్లు కళ్లు మూసుకుని నడిపినట్టే. లెక్క అతన్నే వేయనివ్వండి. మీరు కామెంట్ చేయొద్దు, ‘చూశావా, నేను చెప్పలా’ అసలే వద్దు.

మరో మాట, కాస్త చేదుగా ఉంటుంది. అతను చిన్నప్పట్నుంచి వెనక సీట్లో కూర్చుని మీ ఇద్దరి డ్రైవింగ్ చూశాడు. సిగ్నల్ దగ్గర ఫోన్ చూసుకోవడం, ‘ఒక్క నిమిషం, అర్జెంట్’ అనడం ఇంట్లో ఎవరికీ లేని అలవాటైతే సరే. ఉంటే మాత్రం రూల్ అందరికీ ఒకటే ఉండాలి. మీవారి ‘అందరూ అంతే’ వెనక ఇదేమైనా ఉందేమో ఒకసారి కదిపి చూడండి.

తాళాలు ఎప్పటికీ మీ దగ్గరే పెట్టుకోలేరు. తిరిగివ్వండి, ఒప్పందంతో ఇవ్వండి. బండి కదలకముందే ఫోన్‌లో డ్రైవింగ్ మోడ్ పెట్టాలి. మెసేజ్ పంపినవాళ్లకు ‘డ్రైవింగ్‌లో ఉన్నా’ అని దానంతటదే జవాబు పోయేలా చాలా ఫోన్లలో ఏర్పాటుంది. ఫోన్ వెనక సీట్లో బ్యాగ్‌లో ఉండాలి. దారి చూపించాల్సి వస్తే మ్యాప్ ముందే పెట్టుకుని ఫోన్‌ని స్టాండ్‌లో ఉంచాలి, పాటలూ అంతే. తప్పనిసరిగా మాట్లాడాల్సి వస్తే బండి పక్కకి ఆపాలి. కొన్నాళ్లు స్నేహితుల్ని గుంపుగా ఎక్కించుకోకుండా ఉంటే మంచిది. కుర్రాళ్లంతా ఒక కార్లో ఉంటే ఫోన్ లేకపోయినా ధ్యాస చెదురుతుంది. ఒక్క స్నేహితుడు పక్కనుంటే మాత్రం ఫోన్ అతని చేతికివ్వమనండి, కావాల్సిన మెసేజ్ అతనే చదువుతాడు.

ఇందులో మీ వంతు కూడా ఉంది. బయల్దేరే ముందు ఎన్నింటికి చేరతాడో చెబుతాడు, చేరాక మెసేజ్ పెడతాడు. ఆ మధ్యలో మీరు ఫోన్ చేయరు. అనుకున్న టైం దాటి అరగంటైతే చేయండి, అప్పుడూ ఎత్తకపోతే బండి నడుపుతున్నాడనే అనుకోండి. మొదటి వారం మీకు చాలా కష్టంగా ఉంటుంది. ఫోన్ వేరే గదిలో పెట్టి ఏదో ఒక పని పెట్టుకోండి. చేరానని మెసేజ్ రాగానే ‘సరే నాన్నా’ అని మాత్రం పంపండి, ఆలస్యమెందుకైందని అడగకండి.