26,000 పౌండ్లు దాటిన మోటర్‌హోమ్ నడపడానికి ఏ లైసెన్స్ కావాలి?

ప్రశ్న: ఉండేది టెక్సస్‌లో, ఉన్నది మామూలు క్లాస్ సి (కార్లు, చిన్న బండ్లు నడిపే) లైసెన్స్. 42 అడుగుల డీజిల్ పుషర్ (లోపలే ఉండేలా ఇల్లులా అమర్చిన, ఇంజన్ వెనక ఉండే డీజిల్ మోటర్‌హోమ్) కొనాలనుకుంటున్నాం, వెనక హోండా సీఆర్‌వీని కట్టి లాక్కెళ్తాం. సీడీఎల్ (వాణిజ్య డ్రైవింగ్ లైసెన్స్) తీసుకోవాలా? అమ్మేవాళ్లు మాత్రం ఉన్న లైసెన్స్ చాలంటున్నారు.

జవాబు: సీడీఎల్ అక్కర్లేదండీ. అలాగని మీ క్లాస్ సి కూడా సరిపోదు. సొంత విహారానికి వాడే మోటర్‌హోమ్‌కి ఫెడరల్ సీడీఎల్ నిబంధన వర్తించదు. అయితే బరువైన బండికి పై తరగతి లైసెన్స్ అడగాలా వద్దా అన్నది మీరు నివాసముండే రాష్ట్రం ఇష్టం. టెక్సస్ అడుగుతుంది. మీకు కావాల్సింది సీడీఎల్ కాని క్లాస్ బి.

ముందు బండిలో డ్రైవర్ సీటు దగ్గరుండే రేకు మీద జీవీడబ్ల్యూఆర్ (సామానూ మనుషులతో కలిపి బండికి అనుమతించిన గరిష్ఠ బరువు, పౌండ్లలో) అంకె చూడండి. అది 26,000 అయితే క్లాస్ సి చాలు, 26,001 అయితే క్లాస్ బి కావాలి. చాలా పెట్రోల్ మోటర్‌హోమ్‌లకి అడుగున ఉండే ఫోర్డ్ ఎఫ్-53 ఛాసీ సరిగ్గా 26,000 దగ్గరే ఆగుతుంది. 42 అడుగుల పుషర్లు మామూలుగా 30,000 పైనే ఉంటాయి. నీళ్ల ట్యాంకు ఖాళీ చేస్తే బరువు తగ్గుతుంది కదా అని కొందరు అడుగుతుంటారు. లెక్కలోకి వచ్చేది తూకం కాదు, రేకు మీది అంకె. పక్కనే ఉండే జీసీడబ్ల్యూఆర్ బండీ, లాగే బండీ కలిపిన పరిమితి. దాన్ని చూసి కంగారుపడొద్దు.

లాగే కారు జీవీడబ్ల్యూఆర్ 10,000 పౌండ్ల లోపుంటే క్లాస్ బి లోనే పోతుంది, క్లాస్ ఎ అక్కర్లేదు. సీఆర్‌వీ దానికి చాలా దూరం. కానీ 2015 నుంచి వచ్చిన సీఆర్‌వీలను నాలుగు చక్రాలూ నేల మీద ఉంచి లాగకూడదు, గేర్‌బాక్స్ పాడవుతుంది. మీది ఏ సంవత్సరం మోడలో చూసుకోండి. నిజానికి ఎక్కువమంది పొరపడేది పికప్‌కి ఫిఫ్త్ వీల్ (ట్రక్కు వెనక తొట్టిలోని కొక్కేనికి తగిలించే పెద్ద ట్రైలర్) తగిలించినప్పుడు. ట్రక్కు 14,000, ట్రైలర్ 16,000 ఉంటే మొత్తం 30,000, పైగా ట్రైలర్ 10,000 దాటింది కాబట్టి అక్కడ క్లాస్ ఎ కావాల్సిందే.

క్లాస్ బి కి రాత పరీక్షా, డ్రైవింగ్ పరీక్షా రెండూ ఉంటాయి. డ్రైవింగ్ పరీక్షకి ఆ తరగతి బండినే తీసుకెళ్లాలి, చిన్న బండిలో ఇస్తే చెల్లదు. అక్కడిదాకా మీరొక్కరే నడుపుకుంటూ వెళ్లకూడదు. క్లాస్ బి గానీ అంతకు పైది గానీ ఉన్నవాళ్లు తోడు రావాలి. రిజిస్ట్రేషన్, ఇన్సూరెన్స్ కాగితాలు బండిలో పెట్టుకోండి, కారు తగిలించకుండా వెళ్లండి.

ఎయిర్ బ్రేకుల తనిఖీ పరీక్షలో అడిగినా అడగకపోయినా నేర్చుకోండి, ప్రాణాలు దాని మీదే ఆధారపడి ఉంటాయి. చక్రాలకి అడ్డు చెక్కలు పెట్టి, గాలి 120 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) దాటేదాకా ఇంజన్ నడిపి ఆపేయండి. తాళం ఆన్‌లోకి తిప్పి, పార్కింగ్ బ్రేకు వదిలి, పెడల్ నొక్కిపట్టి నిమిషం చూడండి. 3 పీఎస్ఐ కంటే ఎక్కువ పడిపోకూడదు. తర్వాత పెడల్‌ని పదే పదే తొక్కుతూ ఉంటే గాలి 55కి దిగేలోపే హెచ్చరిక మోగాలి, 45కీ 20కీ మధ్య పార్కింగ్ బ్రేకు మీట దానంతటదే పైకి రావాలి. తాళం ఆన్‌లో పెట్టడం మరిచిపోతే హెచ్చరిక మోగదు. బండి బాగున్నా పరీక్ష పోయేది చాలాసార్లు ఇక్కడే.

మలుపుల్లో దెబ్బతినేది వెనకభాగం. పుషర్‌లో మీరు ముందు చక్రాలకంటే ముందు కూర్చుంటారు, కాబట్టి కారులో తిప్పే చోట తిప్పితే వెనక చక్రాలు ఫుట్‌పాత్ ఎక్కుతాయి. మీ సీటు మూల దాటి వెళ్లాకే తిప్పడం మొదలుపెట్టండి. వెనక ఇరుసు అవతల ఉన్న ప్రతి 3 అడుగుల పొడవుకీ తోక సుమారు 1 అడుగు బయటికి ఊగుతుంది. పెట్రోల్ బంకుల్లో స్తంభాలకి గీసుకునేది ఇందుకే. బండి ఎత్తు ఏసీ యూనిట్లతో కలిపి మీరే టేపుతో కొలిచి, ఆ అంకెని డాష్‌బోర్డు మీద అంటించండి.

వేరే రాష్ట్రాలకి వెళ్లినా మీ టెక్సస్ క్లాస్ బి చెల్లుతుంది. ఇల్లు మారితే మాత్రం మళ్లీ చూసుకోవాలి. కాలిఫోర్నియా మోటర్‌హోమ్‌కి పొడవు చూస్తుంది: 40 అడుగులు దాటి 45 దాకా ఉంటే అక్కడి సీడీఎల్ కాని క్లాస్ బి కావాలి, మీ 42 అందులోకే వస్తుంది. న్యూయార్క్‌లో 26,000 పౌండ్లు దాటితే ఉన్న లైసెన్స్ మీదే ఆర్ ఎండార్స్‌మెంట్ (అదనపు అనుమతి) వేయించుకోవాలి. పెన్సిల్వేనియాలో టెక్సస్ లాగే క్లాస్ బి.

ఇంకొక్కటి. బండిని ఎప్పుడైనా డబ్బులకి నడిపినా, వ్యాపారం సామాను మోసినా సొంత వాడకం మినహాయింపు పోతుంది, అప్పుడు సీడీఎల్ లేకుండా కుదరదు.