ఉలవలు ఆపి కొబ్బరి చెక్క నానబెట్టు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

దాణా పెట్టినప్పుడల్లా నీ గుర్రానికి కడుపు ఉబ్బుతోందని, లద్దె పలచనవుతోందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. ముందు డాక్టరుగారికి చూపించి పళ్ళు, నులిపురుగుల సంగతి తేల్చుకో. అవి బాగుంటే ఇక చూడాల్సింది దాణానే.

గుర్రానికి ఉలవలు తాతల నాటి అలవాటే. ఉలవచారు లేందే నాకూ ముద్ద దిగదనుకో. రోజంతా జట్కా లాగిన గుర్రాలకి అవి అరిగాయి. నీది అప్పుడో ఊరేగింపు, ఇప్పుడో ఊరేగింపు చేసి తక్కిన రోజులు పాకలో నిలబడేది. ఒంటితో పోలిస్తే గుర్రం పొట్ట చాలా చిన్నది. ఉలవలో, మొక్కజొన్నో ఒక్కసారే దండిగా వేస్తే పిండిపదార్థం చిన్నపేగులో అరక్క పెద్దపేగులోకి జారి పులుస్తుంది. గడ్డిని అరిగించే సూక్ష్మజీవులు ఆ పులుపుకి చస్తాయి. కడుపునొప్పి వస్తుంది, ముదిరితే గిట్టల్లో వాపొచ్చి అడుగు వెయ్యలేదు. పైగా వాంతి చేసుకోవడం గుర్రం వల్ల కాదు.

అంబాజీపేట కొబ్బరి మార్కెట్ పక్కనే పెట్టుకుని బలం కోసం గింజలు వెతకడమేంటిరా! మిల్లులో నూనె తీశాక మిగిలే కొబ్బరి చెక్క తెచ్చుకో. అందులో పిండిపదార్థం బహు తక్కువ, బలం పీచు నుంచీ మిగిలిన నూనె నుంచీ వస్తుంది. మర పట్టిన చెక్కే అడుగు; మందులు పోసి నూనె పూర్తిగా లాగేసిన పిండిలో నీకు కావలసిన కొవ్వు ఉండదు. గుప్పెట్లో నలిపితే చేతికి జిడ్డు అంటాలి, కమ్మటి వాసన రావాలి. ముక్క వాసనొచ్చినా, ఆకుపచ్చ బూజు కనిపించినా ఊరికే ఇచ్చినా తేవద్దు. మన గాలి చెమ్మకి బూజు త్వరగా పడుతుంది, ఆ విషం కాలేయాన్ని తినేస్తుంది. వానాకాలంలో పది రోజులకి సరిపడానే కొను.

ఒక పాలు చెక్కకి మూడు పాళ్ళు నీళ్ళు పోసి, మెత్తగా పొంగాక పెట్టు. పొద్దున నానబెట్టింది రాత్రికి ఉంచకు, ఎండకి పులిసిపోతుంది. గుప్పెడుతో మొదలుపెట్టి, ఉలవలు తగ్గిస్తూ రెండు వారాల్లో రోజుకి కిలో దాకా తీసుకెళ్ళు. అదీ రెండు మూడు పూటలుగా. తొందరపడ్డావో, లద్దే నీకు చెబుతుంది.

అసలు తిండి గడ్డే. 300 కిలోల గుర్రానికి ఎండు లెక్కన రోజుకి 5, 6 కిలోలు పడాలి. ఒట్టి వరిగడ్డితో నెట్టుకురాకు, నీళ్ళు చాలకపోతే పేగులో అడ్డం పడుతుంది. పచ్చగడ్డి, దొరికితే కొంచెం పిల్లిపెసర కలుపు. జనుము వద్దు, దాని గింజ గుర్రానికి విషం. తవుడు మరీ ఎక్కువైతే ఎముకల్లోని సున్నం, అంటే కాల్షియం, పోతుంది. చెక్కలోనూ సున్నం తక్కువే, ఎంత కలపాలో డాక్టరుగారినే అడుగు. ఉప్పు మాత్రం రోజూ వెయ్యి.

కోళ్ళ ఫారం మేత బస్తా పాక దరిదాపుల్లో ఉంచకు. కోళ్ళ జబ్బు రాకుండా అందులో కలిపే కొన్ని మందులు కొంచెం తిన్నా గుర్రం గుండె ఆగిపోవచ్చు. పెళ్ళివారు ముద్దుగా లడ్డూలు నోట్లో పెడతారు చూడు, వాళ్ళతో మొహమాటం లేకుండా వద్దని చెప్పు.

పక్కటెముకల వైపు మాటిమాటికీ తిరిగి చూసినా, కాలితో నేల గీరినా, పొర్లినా దాణా తీసేసి వెంటనే డాక్టరుగారికి ఫోన్ చెయ్యి. మిల్లువాళ్ళకి నేను చెప్పి ఉంచుతాను, ఆదివారం సంచి తీసుకురా.

మీ మామయ్య