సీసా మీద నేరేడు, రిపోర్టులో నీలగిరి: కేసు నిలుస్తుందా?

ప్రశ్న: మాది మలక్‌పేట. అమ్మకు షుగర్ ఉంది, నేరేడు తేనె మంచిదని ఎవరో చెబితే ఆన్‌లైన్‌లో రెండు సీసాలు కొన్నాను. ఒకటి విప్పి ఒక ప్రైవేట్ ల్యాబ్‌లో పుప్పొడి పరీక్ష చేయిస్తే నీలగిరి 58 శాతం, నేరేడు 11 శాతం అని వచ్చింది. కంపెనీవాళ్లు ఫోన్ ఎత్తడం లేదు. కల్తీ కేసు పెట్టొచ్చా?

జవాబు: కల్తీ అన్న మాట మాత్రం ఫిర్యాదులో రాయకండి. పుప్పొడి పరీక్ష తేనెటీగలు ఏ పూల మీద తిరిగాయో చెబుతుంది, చక్కెర పాకం కలిపారా లేదా అన్నది తేల్చదు, దానికి వేరే పరీక్షలున్నాయి. మీది తప్పుడు లేబుల్ కేసు, అది బలమైనదే. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) ప్రమాణాల ప్రకారం ఒకే పువ్వు తేనె అని అమ్మాలంటే మొత్తం పుప్పొడిలో ఆ మొక్కది 45 శాతానికి తగ్గకూడదు, మీ సీసాలో 11 ఉంది.

అయితే అవతలి లాయరు ఎక్కడ పట్టుకుంటాడో చెప్తాను. నీలగిరి, నేరేడు రెండూ ఒకే కుటుంబం మొక్కలు, పుప్పొడి రేణువులు రెండింటివీ మూడు మూలలుగానే ఉంటాయి, సైజులో, పైపొర గీతల్లో తేడా చూసి నిపుణులు విడదీస్తారు. కాబట్టి ఎన్ని రేణువులు లెక్కపెట్టారు, ఇక్కడి నేరేడు పువ్వు నుంచి చేసిన స్లయిడుతో పోల్చి చూశారా, ఎవరు చూశారు అన్నవి ల్యాబ్ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. అవి లేకపోతే ఆ 58 క్రాస్ ఎగ్జామినేషన్‌లో నిలబడటం కష్టం.

రెండో ఇబ్బంది, మీరే విప్పి మీరే ఇచ్చిన శాంపిల్. "వాళ్లింట్లో ఏం కలిపారో మాకేం తెలుసు" అంటారు, అనకపోతే ఆశ్చర్యం. అందుకే రెండో సీసా సీలు తీయకండి, ఎవరెంత అడిగినా సరే. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38 కింద, పరీక్ష లేకుండా లోపం తేలని సరుకైతే కేసు వినే వినియోగదారుల కమిషనే శాంపిల్ తీసుకుని సీలు వేసి ల్యాబ్‌కి పంపుతుంది, ల్యాబ్ 45 రోజుల్లో రిపోర్టు ఇవ్వాలి, ఫీజు ముందు మీరే కట్టాల్సి రావచ్చు. పుప్పొడి పరీక్ష చేసే ల్యాబ్‌కే పంపమని పిటిషన్‌లో స్పష్టంగా అడగండి, లేకపోతే మామూలు తేమ, చక్కెరల పరీక్ష చేసి "బాగానే ఉంది" అని పంపేస్తే మీ పాయింటే పోతుంది.

కంపెనీ ఢిల్లీలో ఉన్నా మీరు హైదరాబాద్‌లోనే వేయొచ్చు, కొన్న నాటి నుంచి దాదాపు రెండేళ్ల టైముంది, 5 లక్షల లోపు సరుకుకి కోర్టు ఫీజు లేదు. ముందు రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. ఫుడ్ సేఫ్టీ అధికారికి విడిగా ఫిర్యాదు చేయొచ్చు, తప్పుడు లేబుల్‌కి 3 లక్షల దాకా జరిమానా పడుతుంది, కాకపోతే ఆ డబ్బు మీకు రాదు.

ఇంకోటి, లా కాదు: నేరేడు తేనె అయినా అందులో ఎక్కువ భాగం చక్కెరలే. అమ్మకు పెట్టే ముందు డాక్టర్‌ని అడగండి.

ఈ రోజే చేయాల్సిన పని మాత్రం ఒకటుంది. ఆ సైట్‌లో "నేరేడు" అని రాసిన పేజీని, బిల్లును, సీసా మీది బ్యాచ్ నంబరును ఫొటో తీసి దాచండి, నోటీసు అందాక పేజీ మార్చేయడం వాళ్లకి రెండు నిమిషాల పని.