పురిటికి వెళ్లేలోపు అమ్మకు చెప్పాలా?

ప్రశ్న: అక్కా, మా అత్తగారిది ప్రొద్దుటూరు, పుట్టిల్లు జమ్మలమడుగు. నాకు ఆరో నెల. రక్తపరీక్షలో హెపటైటిస్ బి, అదే లివర్‌కు పట్టే వైరస్, పాజిటివ్ వచ్చింది, చాలా ఏళ్లుగా ఉండి ఉంటుందన్నారు డాక్టరు. మా ఆయనకు చెప్పాను. ఆయనకు నెగటివ్, టీకా మొదలుపెట్టారు. కాన్పుకి పుట్టింటికి వెళ్లాలి. అమ్మకు చెబితే తట్టుకోలేదేమో. అత్తమ్మకు తెలిస్తే నా కంచం వేరు పెడుతుందేమోనని ఇంకో టెన్షన్. ఎవరికీ చెప్పకపోతే ఏం?

- పేరు వద్దు, ప్రొద్దుటూరు

జవాబు: అమ్మకు చెప్పండి తల్లీ, పురిటికి వెళ్లకముందే. బిడ్డ పుట్టిన 24 గంటల్లో మొదటి టీకా పడాలి, దాంతోపాటు వైరస్‌ను వెంటనే అడ్డుకునే ఇమ్యునోగ్లోబ్యులిన్ అనే ఇంజెక్షన్ కూడా ఇస్తారు. అర్ధరాత్రి నొప్పులొస్తే ఫైలు పట్టుకుని పరుగెత్తేది, ఆ ఇంజెక్షన్ తెప్పించి పెట్టారా అని నర్సుని నిలదీసేది అమ్మే కదా, ఆమెకు తెలియకపోతే ఎలా?

ఇంకో కారణం ఉంది, చెప్పడానికి కష్టమైనదీ అదే. పెద్దయ్యాక సోకితే ఈ వైరస్ చాలామందికి దానంతటదే పోతుంది, పుట్టుకలో తల్లి నుంచి వస్తే వందలో 90 మందికి ఒంట్లోనే ఉండిపోతుంది. అంటే మీకు అమ్మ నుంచే వచ్చి ఉండొచ్చు, ఆమెకే తెలియకుండా. ఆమె, మీ తోబుట్టువులు పరీక్ష చేయించుకోవాల్సిందే. కానీ మాట అక్కడ మొదలుపెట్టకండి. ఫోన్లో వద్దు, పక్కన కూర్చుని, "అమ్మా, నేను బాగున్నా, బిడ్డకు రాకుండా టీకాలున్నాయి, నువ్వు కూడా ఒకసారి రక్తం చూపించుకో" అనండి. "నా వల్లేనా?" అని ఏడిస్తే, దేశమంతటా పిల్లల టీకాల్లో ఇది చేరిందే 2011లో అని చెప్పండి, మీరు పుట్టినప్పుడు ఆమె చేయగలిగింది ఏమీ లేదు. లివర్ అనగానే కామెర్లనుకుని పసరు పోయించడానికి ఎవరో ఒకరు బయల్దేరతారు, అది మాత్రం ఒప్పుకోవద్దు, కొన్ని పసర్లు లివర్‌నే దెబ్బతీస్తాయి.

అత్తమ్మకు చెప్పే తొందర లేదు. ఇంట్లో అందరూ పరీక్ష చేయించుకుని టీకా వేయించుకోవడం మంచిది కాబట్టి ఎప్పుడో ఒకప్పుడు చెప్పాల్సి వస్తుంది, ఆ మాట మీ ఆయన నోటే రావాలి. ఇది రక్తం, లైంగిక సంబంధం, కాన్పు ద్వారా పాకుతుంది. ఒకే కంచంలో తిన్నా, ఒకే గ్లాసులో నీళ్లు తాగినా రాదు. బ్లేడు, గోళ్లు తీసే కట్టర్, టూత్‌బ్రష్ మాత్రం ఎవరివి వాళ్లకే ఉండాలి. అయినా కంచం వేరు పెడితే, మీ ఆయన అదే కంచంలో మీతో కలిసి తినాలి, నాలుగు మాటలు చెప్పడం కంటే అదే బాగా పనిచేస్తుంది.

వైరల్ లోడ్ పరీక్ష, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందో చూసే పరీక్ష, చేశారా అని డాక్టర్ని అడగండి, ఎక్కువగా ఉంటే చివరి మూడు నెలల్లో వైరస్‌ను తగ్గించే టెనోఫోవిర్ మాత్ర రాస్తారు. టీకాలు పడ్డాక పాలు నిశ్చింతగా ఇవ్వొచ్చు. కాన్పయ్యాక బిడ్డ ధ్యాసలో పడి మీ సంగతి వదిలేయకండి, డాక్టరు చెప్పిన గడువుకి లివర్ పరీక్షలు చేయించుకుంటూ ఉండండి. 2018లో మొదలైన జాతీయ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వాసుపత్రుల్లో పరీక్షలు, మందులు ఉచితం, కడప పెద్దాసుపత్రిలో అడిగి చూడండి.