ఫినిషింగ్ సబ్మిటల్స్ పరిశీలన గురించి మేనల్లుడికి లేఖ

చిరంజీవి మేనల్లుడికి ఆశీస్సులు.

గచ్చిబౌలి ప్రాజెక్టులో ఫినిషింగ్ సబ్మిటల్స్ (టైల్స్, ప్లైవుడ్ లాంటివి వాడే ముందు ఆమోదం కోసం కాంట్రాక్టర్ పంపే వివరాలు, శాంపిళ్ళు) పరిశీలించే పని నీకు అప్పగించారని అక్క ఫోనులో చెప్పింది. ముప్పయ్యేళ్ళు ఆ పనిలోనే ఉన్నవాడిగా అన్నిటికంటే ముందు ఒక మాట చెబుతాను. కాంట్రాక్టర్ పంపిన ఫైలును మొదట తెరవకు. స్పెసిఫికేషన్‌లో, అంటే ఏ మెటీరియల్ ఎలా ఉండాలో రాసిన పత్రంలో, ఆ మెటీరియల్‌కు చెందిన భాగాన్నీ, డ్రాయింగుల్లోని ఫినిష్ షెడ్యూలునూ (ఏ గదికి ఏ ఫినిష్ అని చెప్పే పట్టిక) చదివి, సైజు, మందం, గ్రేడు, ఉపరితలం, ఐఎస్ (భారత ప్రమాణం) నంబరు ఒక కాగితం మీద నీ చేత్తో రాసుకో. ఎదుట అందమైన బ్రోచరు పెట్టుకుని స్పెసిఫికేషన్ చదివితే కంటికి పోలికలే కనిపిస్తాయి, తేడాలు కనిపించవు. స్పెసిఫికేషన్‌కూ డ్రాయింగుకూ పొసగని చోట్లు కూడా ఈ దశలోనే బయటపడతాయి. అవి మనవైపు తప్పులు కనుక ఆర్కిటెక్టును రాతపూర్వకంగా అడిగి ముందే తేల్చుకోవాలి.

నగరంలో ఒక ఆసుపత్రి కడుతున్నప్పుడు బాత్రూము నేలకు ఆర్11 స్థాయి జారని టైల్ వేయాలని స్పెసిఫికేషన్‌లో ఉంది. సబ్మిటల్‌లో సిరీస్ పేరు, సైజు, రంగు అన్నీ సరిపోయాయి. డేటాషీటులో మాత్రం అదే సిరీస్ కింద మ్యాట్ (మెరుపు లేనిది), గ్లాసీ (నున్నగా మెరిసేది) రెండూ ఉన్నాయి. ఏది సరఫరా చేస్తారో టిక్కు పెట్టలేదు. జతచేసిన పరీక్ష నివేదిక మ్యాట్ టైల్‌ది కావడంతో నేను సంతకం చేశాను. వచ్చినవి గ్లాసీ టైల్స్. ఒక అంతస్తు పరిచాక నీళ్ళు పోసి వాలు చూస్తుండగా మేస్త్రీ కాలు జారి మోచేయి విరిగింది. పరిచినవన్నీ పగలగొట్టించాము. ఆయన నొప్పితో గోడకు ఆనుకుని కూర్చున్న తీరు నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టే ఉంటుంది. అందుకే చెబుతున్నాను: డేటాషీటులో టిక్కు లేకపోతే వెనక్కి పంపు, నివేదిక మీద ఉన్న ప్రోడక్ట్ కోడ్‌ను శాంపిల్ మీది కోడ్‌తో చివరి అక్షరం దాకా పోల్చు.

విట్రిఫైడ్ (నీటిని దాదాపు పీల్చని రకం) అని పంపిన టైల్‌ను బోర్లించి నాలుగు చుక్కల నీళ్ళు వేసి చూడు. విట్రిఫైడ్ అయితే చుక్క చాలాసేపు అలాగే నిలుస్తుంది. గోడకు వేసే మామూలు సిరామిక్ అయితే చూస్తుండగానే పీల్చేస్తుంది. ఇది ఐఎస్ 15622 ప్రకారం చేసే ల్యాబ్ పరీక్షకు బదులు కాదు గానీ, నివేదికలోని నీటి పీల్పు శాతాన్ని నమ్మాలో లేదో చెబుతుంది.

ప్లైవుడ్ విషయంలో 'వాటర్‌ప్రూఫ్' అన్న మాటను లెక్కలోకి తీసుకోకు. స్పెసిఫికేషన్ ఐఎస్ 710 మెరైన్ ప్లై అడిగిన చోట ఐఎస్ 303 ఎంఆర్ గ్రేడు (తేమను కొంతవరకే తట్టుకునే రకం) పెడితే, పైన లామినేట్ ఒకటే కనుక తేడా కంటికి తెలియదు; వంటగది సింకు కింద కొన్నాళ్ళకు ఉబ్బినప్పుడే తెలుస్తుంది.

తాండూరు రాయి లాంటి సహజమైన రాయికి ఒక్క ముక్క శాంపిల్‌గా తీసుకోవడం సరికాదని నా అభిప్రాయం. క్వారీలో వచ్చే అతి లేత, అతి ముదురు రంగు ముక్కలు రెండూ, మధ్యస్థమైనవి మరో రెండూ తెప్పించి, ఆ హద్దుల్లో ఉన్నదే అంగీకరిస్తామని రాసిపెట్టు. రంగులను కిటికీ వెలుగులోనూ, ఆ గదిలో బిగించబోయే ఎల్ఈడీ కిందా, రెండు చోట్లా చూడాలి.

'సమానమైనది' అని మరో బ్రాండు వస్తే, సమానమని నిరూపించే బాధ్యత కాంట్రాక్టర్‌దే. తేడాలను ఆయనే ఒక పట్టికగా రాసి ఇవ్వాలి; నువ్వు వెతికి పెట్టకూడదు. నీ వ్యాఖ్యలో 'సరిచూడండి' అని రాయవద్దు. 'స్పెసిఫికేషన్‌లో లామినేట్ 1 మి.మీ., సబ్మిటల్‌లో 0.8 మి.మీ., మార్చి మళ్ళీ పంపండి' అని రాయి. ఆమోదించిన శాంపిల్ మీద తేదీతో సంతకం చేసి, ఒకటి సైట్ ఆఫీసులో, ఒకటి నీ దగ్గర ఉంచు. లారీ దిగిన సరుకును దానితోనే పోల్చాలి.

తలుపుల సబ్మిటల్ అర్థం కావడం లేదన్నావట. ఆదివారం ఆ ఫైలూ స్పెసిఫికేషనూ రెండూ తీసుకుని ఇంటికి రా, కూర్చుని చూద్దాం.

మీ మామయ్య
హైదరాబాద్